గోడకు రెండు పక్కలా మైనా

లక్ష్మీదేవి, హేమలత తోడికోడళ్ళు. గోరంట్ల దగ్గరి పల్లెలో వాళ్ళవి ఒకే గోడ పంచుకున్న రెండు ఇళ్ళు. ఒకరింట్లో తిరగమోత వేస్తే ఇంకొకరింట్లో తుమ్ములు వచ్చేంత దగ్గర. అయినా మూడేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

తగాదా మొదలైంది మేకతో. లక్ష్మీదేవి మేక తాడు తెంపుకొని హేమలత మల్బరీ తోటలో దూరి రెండు సాళ్ళు నున్నగా మేసేసింది. హేమలత షెడ్డులో పట్టుపురుగులు ఆఖరి దశలో ఆకు కోసం ఆవురావురుమంటున్న వారం అది. ఉత్త మేక సంగతే అయితే నాలుగు రోజుల్లో మరిచిపోయేవారు. మాటా మాటా పెరిగి హేమలత నోరు జారింది. వేలిముద్ర మనిషికి ఏం చెప్తే ఏం తలకెక్కుతుంది అనేసింది. లక్ష్మీదేవికి చదువు రాదు. మహిళా సంఘం పుస్తకంలో అందరూ సంతకం పెట్టే చోట ఆమె బొటనవేలు పెడుతుంది. పది పాసైన హేమలత నోట ఆ మాట వచ్చేసరికి లక్ష్మీదేవి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు మొదలు అటువైపు చూసి పలకలేదు.

వాళ్ళ మొగుళ్ళు కొండప్ప, తిప్పేష్ సొంత అన్నదమ్ములు. ఊళ్ళో ఎదురుపడితే పక్కకు తిరిగి పోయేవారు. గోరంట్లకు పోయినప్పుడు మాత్రం ఒకే టీ అంగట్లో పక్కపక్కనే కూర్చునేవారు. ఈ సంగతి భార్యలకు తెలియదని వాళ్ళ నమ్మకం. భార్యలిద్దరికీ తెలుసు.

లక్ష్మీదేవి కూతురు సుష్మ హిందూపురంలో ఒక బట్టల కంపెనీ ఆఫీసులో పని చేస్తూ, అక్కడే హాస్టల్లో ఉంటూ ఆదివారాలు ఇంటికి వచ్చేది. ఆ పిల్లకు అమ్మ ఎంతో చిన్నమ్మ అంత. ఉగాది ముందు, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితమంటే, మాట్లాడే డబ్బాలు రెండు తెచ్చింది. ఒకటి అమ్మ వంటింటి అరలో పెట్టింది. రెండోది సంచిలో దాచుకొని దొడ్డి దారిన పోయి చిన్నమ్మకు ఇచ్చింది. అమ్మకు చెప్పొద్దని ఆమె దగ్గర మాట తీసుకుంది. రెండింటికీ వేరు వేరుగా అన్నీ పెట్టడానికి బద్ధకించి, రెండింటినీ తన ఫోనుకే, తన పేరుకే తగిలించి హాస్టలుకు వెళ్ళిపోయింది.

సంగటి ముద్దంత ఉన్న ఆ డబ్బా పేరు మైనా. ఆ పేరు పెట్టి పిలిస్తేనే పలికేది. మొదట్లో దానికి లక్ష్మీదేవి మాట అర్థమయ్యేది కాదు. “వాన యాడుండాది?” అని అడిగితే, “క్షమించండి, నాకు అర్థం కాలేదు” అనేది. పురుగులకు నాలుగో జ్వరం వచ్చిందని చెప్తే, జ్వరం తగ్గకపోతే వైద్యుణ్ణి సంప్రదించమంది. పట్టుపురుగు మేత మానేసి పొర వదిలే రోజులను ఇక్కడ జ్వరమంటారని దానికి ఎవరు చెప్పారు? చివరికి లక్ష్మీదేవే టీవీ వార్తలు చదివే అమ్మాయిలా ముక్క ముక్కగా, మర్యాదగా మాట్లాడడం నేర్చుకుంది. కొండప్ప రోజూ పొద్దున్నే వాన ఎప్పుడని అడిగేవాడు. ఈ రోజు వర్షం పడే అవకాశం లేదని మైనా రోజూ చెప్పేది. ఇంత నిజాయితీగా మాట్లాడే మనిషిని తను ఊళ్ళో చూడలేదనేవాడు కొండప్ప.

లక్ష్మీదేవికి మాత్రం దానితో మంచి లాభమే కలిగింది. ఇంట్లోకి కావలసిన సరుకులు ఎప్పుడూ ఆమె తలలోనే ఉండేవి. ఎవరినైనా రాసిపెట్టమని అడగడం ఆమెకు నామోషీ. అడగక, మొగుడికి నోటితో చెప్తే పదిలో నాలుగు మరిచిపోయి వచ్చేవాడు. ఇప్పుడు పొయ్యి దగ్గర నిలబడి, “మైనా, కందిపప్పు రాసుకో” అంటే చాలు. చిట్టా మొత్తం కొండప్ప ఫోనులో కనిపించేలా సుష్మ పెట్టిపోయింది. యాభై రెండేళ్ళ వయసులో తనే చెప్పి, తనే రాయించిన మొదటి చిట్టా అది. ఎవరూ లేనప్పుడు దాన్ని రెండు సార్లు చదివించుకొని విన్నది.

రెండో వారంలో కొండప్ప తెచ్చిన సరుకుల్లో జుట్టుకు వేసే నల్ల రంగు డబ్బా కనిపించింది. ఎవరికని లక్ష్మీదేవి నిలదీసింది. చిట్టాలో ఉంటే తెచ్చానన్నాడు. కొండప్ప తల మీద వెంట్రుకలు లెక్కపెట్టాలంటే వేళ్ళు చాలు. తనకు కావాలని ఆమె చెప్పలేదు. అడిగితే మైనా కూడా చిట్టాలో జుట్టు రంగు ఉందనే చదివింది. ఈ వయసులో ఎవరి కోసం సోకులని ఆమె సాయంత్రం దాకా మొగుణ్ణి సాధించింది.

మర్నాడు మధ్యాహ్నం రెండు గంటలకు మైనా ఎవరూ పిలవకుండానే పలికింది. బీపీ మాత్ర వేసుకునే సమయమైందని చెప్పింది. ఆ ఇంట్లో ఎవరికీ బీపీ లేదు. లక్ష్మీదేవి గరిటె పట్టుకొని అలాగే నిలబడిపోయింది. ఎందుకంటే అదే గొంతు, అవే మాటలు, ఒక్క క్షణం వెనకగా గోడ అవతలి నుంచి కూడా వినిపించాయి.

ఆమెకు చదువు రాదు కానీ తెలివికి కొదవ లేదు. అవతలి ఇంట్లోనూ ఒక మైనా ఉందని, రెండూ ఒకటే చిట్టా మోస్తున్నాయని, అటువైపు వాళ్ళు గుర్తుచేయమని చెప్పుకున్నవి ఇటువైపు కూడా పలుకుతున్నాయని తెలుసుకోవడానికి గంట పట్టలేదు. సుష్మకు ఫోను చేసి తిట్టాలని లేచింది. మళ్ళీ కూర్చుంది. హేమలతది నిగనిగలాడే నల్లజుట్టు. నలభై ఆరేళ్ళకు ఒక్క తెల్లవెంట్రుక లేదని ఊరంతా మెచ్చుకుంటుంటే ఆమె మురిసిపోయేది. లక్ష్మీదేవి తిట్టడం వాయిదా వేసుకుంది.

తరవాతి వారం చిలమత్తూరులో బంధువుల పెళ్ళి. చిట్టాలో మళ్ళీ జుట్టు రంగు ఉందని మైనా చదవగానే లక్ష్మీదేవి గొంతు తగ్గించి, “మైనా, అది తీసెయ్” అంది. తీసేశానని మైనా వినయంగా చెప్పింది. తిప్పేష్ తన ఫోనుకు వచ్చిన చిట్టాలో ఉన్నవే తెచ్చాడు. హేమలత పాపిట పొడవునా వెండి గీత పెట్టుకొని పెళ్ళికి పోయింది.

హేమలత తక్కువ మనిషి కాదు. తను చెప్పింది మాయం కావడం, తను చెప్పని మోకాళ్ళ నూనె చేరడం చూసి చిట్టా ఎవరితో కలిసిందో పట్టేసింది. ఆమెకు తెలిసింది చిట్టా సంగతి ఒక్కటే. మర్నాడు పొద్దున లక్ష్మీదేవి చిట్టా చదవమంటే, మైనా ఎంతో గౌరవంగా చదివింది: “బెల్లం, శనగలు, మేకకు తాడు.”

లక్ష్మీదేవి కాసేపు ఆలోచించి, ఒకరి నోటికి తాళం అని చేర్పించింది. సాయంత్రానికి కళ్ళకు కాటుక కాదు, కళ్ళద్దాలు అని వచ్చింది. ఆ మర్నాడు గొప్పలు మోయడానికి గోనెసంచి. ఇలా పది రోజులు సాగింది. మాటలు లేవన్న మాటే కానీ, మూడేళ్ళలో వాళ్ళు ఇంతగా ఒకరినొకరు పలకరించుకున్నది లేదు. నలిగిపోయింది మగవాళ్ళే. ఒక ఆదివారం అన్నదమ్ములిద్దరూ గోరంట్లలో సుంకన్న అంగడి ముందు నిలబడి ఫోన్లు చూసుకుంటూ ఒకే చిట్టా చదివారు. సుంకన్న తాడు, తాళం, గోనెసంచి రెండేసి కట్టి ఇచ్చాడు. ఇద్దరూ ఏమీ అడగకుండా తెచ్చారు. ఏది అడిగితే ఏం మీదికొస్తుందోనని వాళ్ళ భయం.

ఆరో వారం బుధవారం నాడు ఆ ఆట ఆగిపోయింది.

ఆ సాయంత్రం సంఘం మీటింగు లక్ష్మీదేవి ఇంట్లో జరిగింది. హేమలత ఎప్పుడో వేరే సంఘంలో చేరిపోయింది కాబట్టి ఆమె రాలేదు. ఎనిమిది మంది ఆడవాళ్ళు చాప మీద కూర్చున్నారు. వాళ్ళలో బయమ్మ ఒకతె. ఆమె చెవిన పడిన మాట దీపాల వేళకల్లా ఊరి చివరి ఇల్లు చేరుతుంది. నాలుగు గంటలకు మైనా గంట మోగించి, వార్తలు చదివినట్టు స్పష్టంగా పలికింది.

“గుర్తుచేస్తున్నాను. రేపు గురువారం ఉదయం పది గంటలకు, హిందూపురంలో, రొమ్ములో గడ్డకు స్కానింగు. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు.”

గోడ అవతల కూడా అదే గొంతు మొదలైంది. లక్ష్మీదేవి పెద్దగా దగ్గింది. అవతలి మాటలు దగ్గులో కలిసిపోయాయి. చాప మీద ఎవరూ కదల్లేదు.

“ఎవురికి లక్ష్మీ?” అని అడిగింది బయమ్మ.

డబ్బా తప్పుగా మాట్లాడిందంటే బయమ్మ నమ్మదు. అది సుష్మ పేరు మీదున్న డబ్బా అని అందరికీ తెలుసు. ఊరుకుంటే పెళ్ళి కావలసిన పిల్ల పేరు వీధిలో పడుతుంది. నిజం చెప్తే హేమలత పేరు పడుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పకూడదని ఆమె ఆ డబ్బాతో ఎలాంటి మనసుతో చెప్పుకుందో లక్ష్మీదేవికి ఒక్కసారిగా అర్థమైంది. మొగుడికి చెప్పలేదు, తల్లికి చెప్పలేదు, అరలో పెట్టుకున్న డబ్బాకు చెప్పుకుంది.

“నాకే” అంది లక్ష్మీదేవి.

మీటింగు అక్కడితో ముగిసింది. అరగంటలో అరటిపళ్ళు వచ్చాయి, గంటలో రస్కులు వచ్చాయి. కొండప్ప షెడ్డు నుంచి చేతిలో కొడవలితో, తల మీద మల్బరీ ఆకులతో పరిగెత్తుకొచ్చాడు. తనకేమీ లేదని ఆమె ఎంత చెప్తే అతనికి అంత భయం పెరిగింది. ఏమీ లేదని చెప్పే ఆడదానికి ఏదో ఉన్నట్టేనని అతని అనుభవం. రేపు తనూ ఆస్పత్రికి వస్తానని కూర్చున్నాడు. నిజం చెప్పి అతన్ని ఊరడించవచ్చు. కానీ ఆ నిజం తనది కాదు. రేపు ఏ మొహంతో ఎక్కడికి పోవాలో తెలియక ఆమె పరామర్శకు వచ్చినవాళ్ళ మధ్య తల వంచుకొని కూర్చుంది.

ఈలోగా బయమ్మ తిన్నగా హేమలత దగ్గరికి పోయింది. ఎంత పగైనా తోడికోడలు కదా అని మొదలుపెట్టి, రేపు పదింటికి హిందూపురంలో స్కానింగని, ఎక్కడ గడ్డో, అన్నీ చెప్పింది. హేమలత ఆకు గంప పట్టుకొని విన్నది. తన రోజు, తన గంట, తన గడ్డ. మూడు సార్లు అడిగి చెప్పించుకుంది. తరవాత గంప దించి, చేతులు కొంగుకు తుడుచుకొని, వీధి గుమ్మం నుంచి వీధి గుమ్మానికి నడిచింది. మూడేళ్ళ తరవాత ఆమె ఆ గడప ఎక్కడం చూసి పరామర్శకు వచ్చినవాళ్ళంతా జరిగి దారి ఇచ్చారు.

లక్ష్మీదేవి తలెత్తింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

“అక్కా, రేపు నీకు తోడు నేనొస్తా” అంది హేమలత. కొండప్ప వైపు తిరిగి, “బావా, మీరు పోతే పురుగులకు మేతెవురేస్తారు? మా ఆయప్పకు చెప్తా, ఇద్దరూ కలిసి రెండు షెడ్లూ చూసుకోండి” అంది.

కొండప్ప కళ్ళు తుడుచుకున్నాడు. బయమ్మ కూడా తుడుచుకుంది. అక్కడ ఏం జరిగిందో ఆ గదిలో ఇద్దరికే తెలుసు.

మర్నాడు ఎనిమిదింటి పల్లెవెలుగు బస్సులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రనేల, బండరాళ్ళు, అక్కడక్కడా ఆకుపచ్చగా మల్బరీ తోటలు. ఊరు దాటాక హేమలత కిటికీలోంచి చూస్తూనే, అక్కకెలా తెలిసిందని అడిగింది. లక్ష్మీదేవి దాచలేదు. బీపీ మాత్ర దగ్గర్నుంచి అన్నీ చెప్పింది. హేమలత గుర్తుచేయమని చెప్పుకున్న ప్రతి మాటా ఇటువైపు పలికేదని చెప్పింది. జుట్టు రంగు తీయించింది తనేనని కూడా ఒప్పుకుంది. నిజం ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటుందనుకుంది కాబోలు. హేమలత మొహం గట్టిపడింది.

“నాలుగు వారాలు వింటాంటివి. ఒక్క మాట చెప్పల్ల కదా అక్కా. నా మొగునికి తెలీంది నీకు తెలిసిపాయ. నేను చెప్పకుండానే తెలిసిపాయ. అది నాకి బాగలే.”

చిన్నపిల్లల పని చేశానని లక్ష్మీదేవి చెప్పొచ్చు. సుష్మ మీద పెట్టొచ్చు.

“వింటాంటే బాగుండె” అంది చివరికి. “ఇంట్లో నువ్వు తిరుగుతాన్నట్టుండె. అందుకే చెప్పలే.”

కొంత దూరం పోయాక హేమలత, గడ్డ చేతికి తగిలి నెల అయిందని, రోజూ స్నానానికి పోవాలంటే భయమేస్తుందని చెప్పింది. ఈసారి తన నోటితో చెప్పింది. లక్ష్మీదేవి ఆమె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

ఆస్పత్రిలో వాళ్ళకంటే ముందే సుష్మ ఉంది. మైనా మాట ఆమె ఫోనుకూ వచ్చింది. అమ్మకేననుకొని, రాత్రంతా నిద్రపోక, పొద్దున్నే కంపెనీ కార్డు మెడలో వేసుకొని వచ్చేసింది. అమ్మను చూసి ఏడ్చింది. నర్సు చిన్నమ్మ పేరు పిలిచేసరికి తెల్లబోయింది. హేమలత లోపలికి పోయి, స్కానింగు చేయించుకొని, రిపోర్టు కోసం బయట బెంచీ మీద కూర్చున్నాక, తోడికోడళ్ళిద్దరూ మూడేళ్ళలో మొదటిసారి కలిసి ఒక పని చేశారు. సుష్మను తిట్టారు. ఒకరు ఊపిరి పీల్చుకునే లోపల రెండోవారు అందుకున్నారు. ఒకరింటి గుట్టు ఇంకొకరింట్లో పోయడానికి అది నీళ్ళ పైపనుకున్నావా అని అమ్మ అడిగింది. పది పాసైన తనకు కూడా ఒక్క మాట చెప్పకపోతే ఎట్లా అని చిన్నమ్మ అడిగింది. తను కావాలని చేయలేదని, బద్ధకించానని సుష్మ ప్రమాణం చేసింది. ఇద్దరూ నమ్మలేదు. కలపాలనే చేసి ఉంటుందని వాళ్ళ అనుమానం. ఆ పిల్ల నిజంగా బద్ధకించింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, అది భయపడవలసిన గడ్డ కాదని, నీటి తిత్తి అని చెప్పింది. సూదితో నీళ్ళు తీసేసి, ఆరు నెలలకొకసారి వచ్చి చూపించుకోమంది. హేమలత బయటికి వచ్చి బెంచీ మీద కూర్చొని, చెప్పులు తీసి మళ్ళీ తొడుక్కుంది. తరవాత ఆకలేస్తోందంది. ముగ్గురూ బస్టాండు దగ్గర హోటల్లో దోసెలు తిన్నారు. హేమలత మూడు తింది.

ఊళ్ళో మాత్రం రోగి లక్ష్మీదేవే. ఏమీ లేదన్నారని ఆమె చెప్తే, ధైర్యం కోసం అలా అంటోందని జనం ఇంకా ఎక్కువ వచ్చారు. దానిమ్మలు, బ్రెడ్డు, గ్లూకోజు పొడి. రెండు రోజులు ఆమె మంచం దిగడానికి వీల్లేకపోయింది. హేమలత ఈ ఇంటికీ ఆ ఇంటికీ తిరుగుతూ గంజి కాచి తెచ్చేది. వచ్చినవాళ్ళు వెళ్ళగానే తలుపు వేసి మంచం పట్టె మీద కూర్చొని, “రోగం నాది, దానిమ్మలు నీకా?” అంటూ సగం లాక్కునేది.

ఆస్పత్రి నుంచి వచ్చిన సాయంత్రమే హేమలత తిప్పేష్‌కు నిజం చెప్పింది. అతను అంతా విని, ఇంకెవరెవరికి తెలుసని అడిగాడు. వదినకు, సుష్మకు, రెండు డబ్బాలకు అని ఆమె లెక్క చెప్పింది. అందరికంటే ఆఖరున తను విన్నానని అతనికి గట్టిగానే తగిలింది. రెండు రోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. మూడో రోజు తనే, ఆరు నెలల తరవాత తీసుకుపోయేది నేనే అన్నాడు. కొండప్పకు లక్ష్మీదేవి శుక్రవారం చెప్పింది, హేమలతను అడిగాకే. అతను ముందు దండం పెట్టాడు, తరవాత కోపం తెచ్చుకొని సరిగ్గా ఒక పూట అలిగాడు.

ఆదివారం సుష్మ వచ్చి రెండు మైనాలనూ విడదీసింది. చిన్నమ్మది ఆమె ఫోనుకు, ఆమె పేరుకే పెట్టింది. ఏది వినాలో, ఏది మరిచిపోవాలో దానికి చెప్పే పద్ధతి కూడా నేర్పింది. మందుల గంటలు తప్ప ఒంటి సంగతులు ఇంక దానికి చెప్పనని హేమలత అంది. అవి చెప్పుకోవడానికి మనుషులున్నారంది, ఎవరని మాత్రం అనలేదు. లక్ష్మీదేవి తన మైనాను తీసేయనివ్వలేదు. అది లేకపోతే తన చిట్టా ఎవరు మోస్తారు? ఇంటికి ఎవరైనా వస్తే మాత్రం ముందు దాని వైరు పీకేసేది. ఎందుకని బయమ్మ అడిగితే, పాపం దానికి వేడి చేస్తుందని చెప్పేది.

ఆ పంట ఇద్దరికీ బాగా వచ్చింది. ఆఖరి మేత రోజుల్లో షెడ్డులో పురుగులు ఆకు నములుతుంటే రేకుల మీద వాన పడుతున్నట్టే చప్పుడు. ఆ ఏడాది వాళ్ళు విన్న వాన అదొక్కటే. పట్టుగూళ్ళు ఏరి, రెండిళ్ళవీ ఒకే ఆటోలో వేసి, ఇద్దరూ గోతాల మధ్య ఇరుక్కొని హిందూపురం మార్కెట్టుకు బయల్దేరారు.

దారిలో హేమలత, తన గుట్టంతా అక్కకు తెలుసని, అక్కది ఒక్కటీ తనకు తెలియదని, ఒకటైనా చెప్పాలని పట్టుబట్టింది. లక్ష్మీదేవి సిగ్గుపడింది. చాలా దూరం పోయాక, ఎవరూ లేనప్పుడు మైనాను సముద్రం గురించి అడుగుతుంటానని చెప్పింది. ఒక్కసారి చూడాలని ఉందని, ఈ మాట మొగుడికి కూడా చెప్పలేదని అంది.

“ఏం చెప్పె అది?”

“శానా లోతుంటాదనె. మన బోర్ల కంటేనా అంటే, అర్థం కాలేదనె.”

హేమలత నవ్వడం మొదలుపెట్టింది. ఎంత నవ్విందంటే ఆటో తోలేవాడు వెనక్కి తిరిగి చూశాడు. తనూ చూడలేదని, చలికాలం పంట అయ్యాక ఇద్దరం పోదామని, మొగుళ్ళు మేత వేసుకుంటారులే అని చెప్తూ, జారిపోతున్న గోతాన్ని మోకాలితో ఆనించి పట్టుకుంది.